ఊరి కొలతకు సభ: చారిత్రక పట్టణంలో న్యాయవాదుల శిక్షణ సదస్సు ఏర్పాట్లు

అందరికీ నమస్కారం.

న్యాయవాదులకు వృత్తి శిక్షణ సదస్సు పెట్టాలి, అదీ నగరంలో కాదు, చరిత్ర ఉన్న చిన్న ఊళ్లో పెట్టాలి అని తీర్మానం అయిపోయిందనుకుందాం. మామూలుగా ఏర్పాట్ల సంఘం మొదటి సమావేశంలోనే వక్తల జాబితా రాసేస్తుంది. ఎవరిని పిలుద్దాం, ప్రారంభోపన్యాసం ఎవరిది, జ్ఞాపికలు ఎన్ని చేయిద్దాం అని. ఆ జాబితాను కాసేపు పక్కన పెట్టండి. ముందు తేలాల్సింది ఒకే ఒక్క అంకె. ఎంతమంది?

నగరంలో అయితే మనుషుల్ని లెక్కపెట్టుకుని హాలు వెతుక్కుంటాం. చిన్న ఊళ్లో లెక్క తిరగబడుతుంది. ఊరు ఎంతమందిని మోయగలదో చూసి, అంతమందినే పిలవాలి. అందుకు నాలుగు అంకెలు చాలు. రాత్రి పడుకోవడానికి గదులెన్ని, హాల్లో కుర్చీలెన్ని, మరుగుదొడ్లెన్ని, సాయంత్రం ఊరు దాటించే చివరి బండిలో సీట్లెన్ని. ఈ నాలుగింటిలో ఏది తక్కువ మందికి సరిపోతుందో అదే మీ సభ పరిమాణం. మిగతా మూడూ ఎంత బాగున్నా ఉపయోగం లేదు.

మరుగుదొడ్ల లెక్క చూడండి, ఎందుకంటే దాన్ని ఎవరూ వేయరు. 80 మంది వచ్చారు. విరామంలో సగం మంది, అంటే 40 మంది లేస్తారు. మనిషికి 2 నిమిషాలు. మొత్తం 80 నిమిషాల పని. పాత భవనంలో 2 మరుగుదొడ్లే ఉంటే వరుస తెమలడానికి 40 నిమిషాలు పడుతుంది. మీరు కార్యక్రమంలో రాసింది 15 నిమిషాలు. ఇక్కడే మొదటి సెషన్ ఆలస్యమవుతుంది. దాన్ని సర్దడానికి రెండోది కుదిస్తారు, చివరికి చర్చకు ఉంచిన సమయం మొత్తం పోతుంది. వక్త ఎక్కువసేపు మాట్లాడారని అందరూ అనుకుంటారు గానీ అసలు కారణం ఇది. 4 మరుగుదొడ్లు ఉంటే 20 నిమిషాల్లో తెములుతుంది. లేకపోతే బయట తాత్కాలికంగా పెట్టించాలి, లేదా విరామాన్నే పెంచాలి. ఆడవాళ్లకు వేరుగా లెక్క వేయండి. ఒకప్పుడు మగవాళ్లే కూర్చున్న కోర్టు భవనాల్లో ఆ ఏర్పాటే ఉండకపోవచ్చు.

ఇంత ఇబ్బంది ఉంటే అసలు చిన్న ఊరికి ఎందుకు వెళ్లాలి? ఈ ప్రశ్నకు సరైన జవాబు లేకపోతే వెళ్లకపోవడమే మంచిది. బాగుంటుంది, గాలి మార్పు అనే జవాబు చాలదు. ఊరు పాఠంలో భాగం కావాలి. 1979లో చారిత్రక కట్టడాల పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇకోమాస్ ఆస్ట్రేలియా విభాగం వారసత్వ స్థలాల పరిరక్షణ సూత్రాలను ఆమోదించుకోవడానికి దక్షిణ ఆస్ట్రేలియాలోని బర్రా అనే పాత రాగి గనుల ఊళ్లో సమావేశమైంది. ఆ పత్రాన్ని ఇప్పటికీ బర్రా చార్టర్ అనే పిలుస్తారు. పాత కట్టడాల గురించి మాట్లాడేవాళ్లు పాత కట్టడాల నడుమే కూర్చుని మాట్లాడారు. విషయానికీ స్థలానికీ అలాంటి పొత్తు కుదిరిందా లేదా అన్నదే చూడాలి.

న్యాయవాదులకు అలాంటి ఊళ్లో దొరికే పాఠాలు తక్కువేం కాదు. పాత దస్తావేజుల్లో హద్దులు ఎలా రాశారు, చెట్టునో బావినో హద్దుగా చూపితే ఇప్పుడు దాన్ని ఎలా నిరూపించాలి, ఇద్దరి ఇళ్ల మధ్య ఉమ్మడి గోడ ఎవరిది, శతాబ్దాలుగా నడుస్తున్న దారి మీద హక్కు ఎలా ఏర్పడుతుంది, రక్షిత కట్టడాన్ని యజమాని ఎంతవరకు మార్చవచ్చు, ధర్మసంస్థల ఆస్తుల లెక్కలు ఎలా చూడాలి. ఇవన్నీ హాల్లో స్లైడ్ల మీద చెప్పడం ఒకటి, ఆ గోడ ముందే నిలబెట్టి చెప్పడం మరొకటి. కృత్రిమ మేధ, డేటా రక్షణ లాంటి అంశాలైతే నగరంలోనే పెట్టుకోండి. అక్కడ ఇంటర్నెట్ అయినా బాగుంటుంది.

ఇక తేదీ. మూడు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. కోర్టు సెలవుల క్యాలెండరు, ఊరి ఉత్సవాల క్యాలెండరు, యాత్రికుల రద్దీ. మొదటిది అందరూ చూస్తారు. రెండోది మరిచిపోతారు. ఉత్సవం రోజున గదులు దొరకవు, వీధులు మూసేస్తారు, పోలీసు అనుమతి రాదు. వారాంతపు సంత రోజు కూడా అంతే, మీ హాలు ముందరి మైదానమే సంత స్థలం కావచ్చు. ఇంకో చిన్న విషయం. హాలు పక్కన గంట స్తంభమో ప్రార్థనా మందిరమో ఉంటే ఏయే వేళల్లో శబ్దం వస్తుందో అడిగి రాసుకోండి. దాన్ని ఆపమని అడగడం మర్యాద కాదు. మీ విరామాలనే ఆ వేళలకు జరుపుకోండి. కాగితం మీద ఒక్క గీత మారితే సరిపోయే పని.

స్థలం ఎంపికకు మిగతా అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వండి. కనీసం తొమ్మిది నెలల ముందు చూడాలి. ఒకసారి కాదు, రెండుసార్లు. ఒకటి పగలు, ఒకటి మీ సభ జరగబోయే వేళకే.

పాత కట్టడాన్ని వాడుకోవడం తప్పేమీ కాదు. పాత కట్టడాల పరిరక్షణపై 1964లో వచ్చిన అంతర్జాతీయ పత్రం వెనిస్ చార్టర్, దాని అయిదో అధికరణం చెప్పేదే అది. సమాజానికి పనికొచ్చే పనికి వాడితే కట్టడం నిలబడుతుంది, కానీ ఆ వాడకం కోసం దాని అమరికనూ అలంకరణనూ మార్చకూడదు. ఏర్పాట్ల భాషలో దీని అర్థం సూటిగా ఉంటుంది. మేకు కొట్టకూడదు. గోడకు టేపు అంటించకూడదు, ఎందుకంటే సున్నపు గార మీద అంటించిన టేపు పీకితే గారతో సహా ఊడి వస్తుంది. బ్యానర్లు, తెర, లైట్లు అన్నీ సొంత కాళ్ల మీద నిలబడే స్టాండ్లకే కట్టాలి. ఆ కాళ్ల కింద ప్లైవుడ్ ముక్క, దాని కింద మందపాటి గుడ్డ వేయాలి, లేకపోతే పాత రాతి పలకలూ చెక్క నేలా గీతలు పడతాయి.

అనుమతులు ఒక్కరి దగ్గర ఉండవు. యజమాని ఒకరు, వారసత్వ కట్టడాల శాఖ ఒకరు, అగ్నిమాపక శాఖ ఇంకొకరు. ఒకటి చేతికి వచ్చిందని మిగతావి వచ్చినట్టే అనుకునే పొరపాటు మనలాంటి న్యాయవాదులే చేస్తే బాగుండదు. ఒప్పందంలో ఏ గదులు, ఏ వేళలు, ఎన్ని గంటల ముందు లోపలికి వెళ్లవచ్చు, ఎన్ని కుర్చీలు, ఎవరు తాళం తీస్తారు అనేవి రాయించండి. తాళం తీసే మనిషి సెలవులో ఉంటే రెండో తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా. అప్పగించుకునే ముందు ఇరుపక్షాలూ కలిసి తిరిగి ఫొటోలు తీసుకోండి, వెళ్లేటప్పుడు అవే కోణాల్లో మళ్లీ తీయండి. అప్పటికే ఉన్న పగులుకు మీరు డబ్బు కట్టే పరిస్థితి రాదు.

హాలు పై అంతస్తులో ఉంటే నేల ఎంత బరువు మోస్తుందో ఇంజినీరును అడగాలి. ఇళ్లకు చదరపు మీటరుకు సుమారు 2 కిలోన్యూటన్ల, అంటే దాదాపు 200 కిలోల, బరువు లెక్కన నేల కడతారు. జనం గుమిగూడే హాళ్లకు 4 నుంచి 5 వరకు చూస్తారు. ఒకప్పుడు నివాసంగా ఉన్న భవనాన్ని హాలుగా మార్చి ఉంటే ఈ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది. ఎన్నోసార్లు సభలు జరిగాయి, ఏమీ కాలేదు అనే మాటను ఆధారంగా తీసుకోవద్దు.

తలుపులు కూడా చూడండి. పాత తలుపులు చాలావరకు లోపలికి తెరుచుకుంటాయి. జనం ఒక్కసారిగా తోసుకొస్తే అవి తెరుచుకోవు. వాటిని మార్చలేం కాబట్టి సభ జరిగినంతసేపూ పూర్తిగా తెరిచి, కదలకుండా ఆపి ఉంచాలి. ఒక్కో తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి. రెండో దారి లేని గదిలో ఎక్కువమందిని కూర్చోబెట్టకండి.

చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు వాలుదారి 1:12 కంటే నిటారుగా ఉండకూడదు. 15 సెంటీమీటర్ల మెట్లు మూడు ఉన్నాయంటే ఎత్తు 45 సెంటీమీటర్లు, కాబట్టి వాలుదారి పొడవు 5.4 మీటర్లు కావాలి. అంత స్థలం వాకిట్లో ఉందా? తలుపు తెరిచాక ఖాళీ 81 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉందా? కొలిచి చూడండి. నలుగురు కలిసి కుర్చీతో సహా ఎత్తేస్తారులే అనడం ఒక న్యాయవాదిని అవమానించడమే. సమానత్వం గురించి పాఠాలు జరిగే చోట అది అసలు పనికిరాదు.

ఇప్పుడు ధ్వని. చారిత్రక భవనాల్లో సభలు ఎక్కువగా చెడిపోయేది దీనివల్లే. లెక్కతో చూద్దాం. 20 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 6 ఎత్తు ఉన్న రాతి హాలు. ఘనపరిమాణం 1200 ఘనపు మీటర్లు. గోడలు, నేల, పైకప్పు కలిపి 760 చదరపు మీటర్లు. రాయి, గార శబ్దాన్ని నూటికి మూడు వంతుల కంటే ఎక్కువ పీల్చుకోవు. ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తుందో లెక్కకట్టే సాబైన్ సూత్రం ప్రకారం ఖాళీ హాల్లో ప్రతిధ్వని 8 సెకన్లకు పైగా నిలుస్తుంది. 100 మంది కూర్చుంటే సుమారు 2.8 సెకన్లకు దిగుతుంది, ఎందుకంటే మనుషులూ వాళ్ల బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి. మరో 60 చదరపు మీటర్ల మందపాటి తెరలు స్టాండ్లకు వేలాడదీస్తే 2 సెకన్లకు వస్తుంది. మాట స్పష్టంగా వినిపించాలంటే 1 సెకను లోపు ఉండడం మంచిది. అంటే తెరలు కట్టినా పని సగమే అయింది.

మరి ఏం చేయాలి? సౌండు పెంచకూడదు. పెంచితే ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతుంది. వేదిక దగ్గర రెండు పెద్ద స్పీకర్లు పెట్టే బదులు గోడ వెంబడి చిన్న స్పీకర్లు ఆరో ఎనిమిదో పెట్టి, సన్నగా వినిపించాలి. ప్రతి శ్రోతకూ దగ్గర్లో ఒకటి ఉండాలి. వెనక స్పీకర్లకు కొంచెం ఆలస్యం పెట్టమని సౌండు మనిషికి చెప్పండి. గాలిలో శబ్దం 10 మీటర్లు పోవడానికి దాదాపు 29 మిల్లీసెకన్లు పడుతుంది, ఆ తేడా సరిచేయకపోతే ఒక్కో మాట రెండుసార్లు వినిపిస్తుంది. వక్తలను నెమ్మదిగా మాట్లాడమనండి. మైకు నోటికి దగ్గరగా ఉండాలి. ముందురోజు ఖాళీ హాల్లో పరీక్షిస్తే భయం పుడుతుంది. జనం నిండాక కొంత మెరుగవుతుందని ముందే తెలిసి ఉంటే ఆ కంగారులో సౌండు అమరికను తలకిందులు చేయరు.

ఈ ధ్వని మీ బోధన పద్ధతిని కూడా నిర్ణయిస్తుంది. బల్లకు ఏడుగురు చొప్పున కూర్చోబెట్టి సమస్య ఇచ్చి చర్చించమనడం న్యాయవాదుల శిక్షణలో మంచి పద్ధతి. కానీ రాతి హాల్లో పదకొండు బల్లలు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. కాబట్టి బల్ల చర్చలకు పక్క గదులో, వరండాలో, చెట్ల నీడలో ముందే చూసుకోవాలి. హాలును ఉపన్యాసానికీ, చివరి ఉమ్మడి చర్చకూ మాత్రమే ఉంచుకోండి.

విద్యుత్తు విషయం క్లుప్తంగా. 230 వోల్టుల దగ్గర 16 ఆంపియర్ల లైను 3680 వాట్ల వరకే ఇస్తుంది. 2000 వాట్ల కెటిళ్లు రెండు ఒకే లైనుకు పెడితే 17 ఆంపియర్లు దాటుతుంది. టీ విరామానికి ముందు ఫ్యూజు పోతుంది, దాంతో పాటు ప్రొజెక్టరు కూడా. 80 ల్యాప్‌టాప్‌లు 65 వాట్ల చొప్పున 5200 వాట్లు. ఇది కూడా ఒక్క లైను మోయలేదు. వేడి చేసే పరికరాలన్నీ వంట స్థలంలో వేరే లైనుకు, వీలైతే జనరేటరుకు. ఎక్స్‌టెన్షన్ తీగ చుట్టను పూర్తిగా విప్పి పరచాలి, చుట్టి ఉంచితే వేడెక్కి కరిగిపోతుంది. జనరేటరును కిటికీల కింద పెట్టనివ్వకండి, పొగ లోపలికి వస్తుంది. ఊళ్లో ప్రొజెక్టరు అద్దెకిచ్చేది ఒక్కరే ఉంటారు కాబట్టి రెండోది మీ వెంటే తీసుకెళ్లండి. తీగలు, మైకు బ్యాటరీలు కూడా.

అర మీటరు మందం గోడల్లో ఫోను సిగ్నలు సరిగా అందదు. 80 మందికి 160 పరికరాలు ఉంటాయి. ఇంట్లో వాడే రూటరు అంతమందికి పనిచేయదు. నేను చెప్పేది ఒకటే, ఇంటర్నెట్ ఉండదనే అనుకుని ఏర్పాటు చేయండి. పాఠ్య సామగ్రి మొత్తం వారం ముందే డౌన్‌లోడ్ చేసుకోమని పంపండి, చర్చ సమస్యలను మాత్రం కాగితం మీద అచ్చు వేయండి. వేదిక దగ్గర ఒక్క తీగ కనెక్షన్ ఉంటే చాలు.

గదుల ఒప్పందాల దగ్గర జాగ్రత్త. నగరంలో ఒక్క హోటలుతో పని అయిపోతుంది. ఇక్కడ 12 గదులది ఒకటి, 20 గదులది ఒకటి, ఇంటి మేడ మీద 5 గదులు ఇచ్చేవాళ్లు ఒకరు. ఇలా ఐదు చోట్లవి కలిపితే 60 అవుతాయి. ప్రతి ఒప్పందంలో గడువు తేదీ ఉంటుంది, ఆ తేదీ తర్వాత వాడని గదికీ డబ్బు కట్టాలి. ఎంత శాతం వెనక్కి ఇవ్వవచ్చో కూడా ఉంటుంది. 60 గదులకు నూటికి 20 వదులుకునే వీలుంటే 48 గదుల డబ్బు ఎలాగైనా మీదే. ఐదు చోట్ల గడువులు ఐదు రకాలుగా ఉంటే ఎవరో ఒకరు మరిచిపోతారు, కాబట్టి అన్నిటికీ ఒకే తేదీ అడగండి, రిజిస్ట్రేషన్ ముగింపును దానికి వారం ముందు పెట్టండి. దూరపు గదులు వయసులో చిన్నవాళ్లకు, దగ్గరివి వక్తలకూ పెద్దవాళ్లకూ. పెద్ద బస్సు పాత వీధుల్లో తిరగలేదు, ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి చిన్న బళ్లు కావాలి. బస్సు డ్రైవరుకు చిరునామా ఇస్తే సరిపోదు, మలుపు తిరిగే చోటు చూపించిన పటం ఇవ్వాలి.

ఇప్పుడు శిక్షణ గంటల గుర్తింపు. వృత్తిలో కొనసాగడానికి శిక్షణ తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రాల్లో అమెరికాలోని మిన్నెసోటా ఒకటి, 1975లో. అప్పటి నుంచి ఒక్కో చోట ఒక్కో పద్ధతి వచ్చింది. కాలిఫోర్నియాలో మూడేళ్లకు 25 గంటలు. న్యూయార్క్‌లో అనుభవజ్ఞులకు రెండేళ్లకు 24 క్రెడిట్లు. కెనడాలోని ఆంటారియోలో ఏడాదికి 12 గంటలు, అందులో కనీసం 3 వృత్తి ధర్మానికి సంబంధించినవి. ఇంగ్లండ్, వేల్స్‌లో సొలిసిటర్లు అనే న్యాయవాదుల వర్గానికి 2016 నవంబరు నుంచి గంటల లెక్కే తీసేశారు, ఎవరికి ఏ లోటు ఉందో వాళ్లే గుర్తించి నేర్చుకుని రాసి పెట్టుకోవాలి.

గంట అంటే కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. న్యూయార్క్‌లో 50 నిమిషాలకు ఒక క్రెడిట్, కాలిఫోర్నియాలో 60 నిమిషాలకు ఒక గంట. మీ రోజులో అచ్చంగా బోధన 360 నిమిషాలైతే మొదటి లెక్కలో 7.2, రెండో లెక్కలో 6. వేర్వేరు ప్రాంతాల నుంచి వస్తున్నారంటే ప్రతి ప్రాంతానికీ విడిగా లెక్క వేసి కరపత్రంలో రాయాలి. స్వాగతం, సన్మానం, భోజనం, ఊరు చూడడం ఏ లెక్కలోకీ రావు. ఊళ్లో నడక పాఠాన్ని లెక్కలోకి తేవాలంటే దానికి రాతపూర్వక పాఠ్యాంశం, బోధకుడు, హాజరు పట్టిక ఉండాలి, గంటల గుర్తింపు కోసం పెట్టే దరఖాస్తులో అది పాఠమని స్పష్టంగా కనిపించాలి. దరఖాస్తు సదస్సుకు ముందే పెట్టండి. తర్వాత ఇస్తారులే అనుకుని ఫీజు వసూలు చేస్తే ఆ తర్వాత జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

హాజరు ఉదయం ఒక్కసారి సంతకంతో సరిపెట్టవద్దు. లోపలికి వచ్చినప్పుడు ఒకటి, వెళ్లేటప్పుడు ఒకటి. ప్రతి సెషన్ మధ్యలో ఒక సంకేత పదం చెప్పి, దాన్ని ఫారంలో రాయమనడం ఇంకా నమ్మకమైన పద్ధతి. చిన్న ఊళ్లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే చివరి బస్సు నాలుగింటికి ఉంటే మధ్యాహ్నం భోజనం కాగానే సగం హాలు ఖాళీ అవుతుంది. తప్పనిసరి అయిన వృత్తి ధర్మ పాఠాన్ని ఆఖరి గంటలో పెడితే దాన్ని కోల్పోయేది సరిగ్గా దాని అవసరం ఉన్నవాళ్లే. దాన్ని ఉదయం రెండో సెషన్‌లో పెట్టండి. ఆఖరి గంటలో ప్రశ్నలూ జవాబులూ ఉంచండి. మీ సొంత బస్సు ఉంటే దాని సమయాన్ని కరపత్రం మొదటి పేజీలోనే వేయండి.

వక్తల గురించి. ఒక్కో సెషన్ 75 నిమిషాలనుకోండి. 20 నిమిషాలు వక్త, 35 నిమిషాలు బల్లల దగ్గర సమస్య, 20 నిమిషాలు అందరూ కలిసి. పెద్ద లాయర్లు 20 నిమిషాలకు ఒప్పుకోవడం కష్టం, అందుకే ఆహ్వానంలోనే ఆ మాట రాయాలి. ఫోనులో చెబితే మరిచిపోతారు. చర్చ సమస్యను వక్త నాలుగు వారాల ముందు పంపాలి. రెండు వారాల ముందు మరొకరు దాన్ని చదివి, కావాల్సిన వాస్తవాలన్నీ అందులో ఉన్నాయా చూడాలి. కాలపరిమితి మీద సమస్య రాసి తేదీలు రాయడం మరిచిపోతే అక్కడే చర్చ ఆగిపోతుంది.

న్యాయమూర్తులను పిలిచేటప్పుడు వాళ్ల హద్దులు మనమే ముందు తెలుసుకోవాలి. న్యాయమూర్తుల ప్రవర్తనపై 2002 నాటి బెంగళూరు సూత్రాలు వాళ్లు బోధించడానికీ రాయడానికీ వీలిస్తాయి. తమ ముందున్న లేదా రాబోయే వ్యాజ్యం ఫలితం మీద ప్రభావం చూపే వ్యాఖ్యలు మాత్రం కూడదంటాయి. నిర్వాహకుల బాధ్యత ఏమిటంటే, సభలోంచి అలాంటి ప్రశ్న వచ్చినప్పుడు న్యాయమూర్తి కాదనే అవసరం రాకముందే అధ్యక్షస్థానంలో ఉన్నవాళ్లు ఆపాలి. ప్రశ్నలు చీటీల మీద రాయించుకుంటే ఇది సులువు.

క్లయింటు రహస్యం గురించి ఒక్క మాట ఎక్కువే చెప్తాను, ఎందుకంటే చిన్న ఊరు దీన్ని పూర్తిగా మార్చేస్తుంది. నగరంలో పేరు మార్చి చెబితే సరిపోవచ్చు. ఇక్కడ మూడు అంతస్తుల ఇల్లు, ఇద్దరన్నదమ్ములు, మిల్లు అనగానే ఎవరి సంగతో హాల్లో సగం మందికి తెలిసిపోతుంది. ఉదాహరణ కేసులు ఒక్క వ్యాజ్యం నుంచి తీసుకోకండి. రెండు మూడు కలిపి, ఆస్తి రకం, బంధుత్వం, కాలం అన్నీ మార్చి రాయండి. అలాగే సభ అయ్యాక భోజనశాలలో మాట్లాడుకునేది పక్క బల్లకు వినిపిస్తుంది, ఆ పక్క బల్ల దగ్గర ప్రతివాది కూర్చుని ఉండవచ్చు. ఊళ్లో ఉన్న భోజనశాలలు రెండే కదా. ఈ హెచ్చరికను మొదటి సెషన్‌లోనే నోటితో చెప్పాలి. చర్చలకు 1927లో రూపొందిన చాథమ్ హౌస్ నియమం పెట్టుకోవచ్చు, అంటే విన్న విషయం వాడుకోవచ్చు, ఎవరన్నారో చెప్పకూడదు. ఆ నియమం పెట్టి మళ్లీ వీడియో తీయకండి, రెండూ కలిసి సాగవు.

నడక పాఠానికి గుంపుకు 20 మందికి మించకూడదు, అంతకంటే ఎక్కువైతే వెనకవాళ్లకు వినపడదు. 80 మంది అంటే నాలుగు గుంపులు, నాలుగు స్థలాలు, ఒక్కో చోట 15 నిమిషాలు, చోటు మారడానికి 8 నిమిషాలు. మొత్తం గంటన్నర చాలు. నలుగురు బోధకులు తమ స్థలాల్లోనే ఉంటారు, గుంపులే తిరుగుతాయి. పాత రికార్డుల గది చూపించేటప్పుడు అసలు కాగితాలను చేతికివ్వకండి, నకళ్లు ఇవ్వండి. అసలుది ఒక్కటి గాజు కింద చూపించవచ్చు, వెలుతురు 50 లక్స్‌కు (వెలుతురును కొలిచే ప్రమాణం) మించకుండా. ఆ గదిలో పెన్నులు వద్దు, పెన్సిళ్లు మాత్రమే. ఫ్లాష్ వాడవద్దని తలుపు బయటే చెప్పండి. ఒక్కో గుంపుకూ ఒక పాత దస్తావేజు నకలిచ్చి, ఇందులో హద్దులు ఇప్పుడు నేల మీద ఎక్కడున్నాయో చెప్పండి అని అడిగితే ఆ 15 నిమిషాల్లో నేర్చుకునేది మర్చిపోరు.

డబ్బు లెక్క ఒక ఉదాహరణతో. మనిషి వచ్చినా రాకపోయినా అయ్యే ఖర్చు 300 అనుకుందాం, హాలు, సౌండు, వక్తల ప్రయాణం లాంటివి. మనిషికి అయ్యేది 3. ఫీజు 8. ఒక్కొక్కరి మీద మిగిలేది 5 కాబట్టి 60 మంది వస్తే ఖర్చు వెళ్లిపోతుంది. 10 మందికి ఉచితం ఇచ్చారు, వాళ్ల మీద ఖర్చు 30. ఇప్పుడు 66 మంది ఫీజు కట్టాలి. ఊరు మోసేది 80 మందినే. ఉచితమైన 10 తీసేస్తే ఫీజు కట్టగలవాళ్లు 70. అంటే మీకు ఉన్న వెసులుబాటు నలుగురు మాత్రమే. చిన్న ఊళ్లో ఉచిత ప్రవేశాలు ఎందుకు ప్రమాదమో ఈ అంకెల్లో కనిపిస్తుంది. ఎక్కువమందిని పిలిచి పూడ్చుకుందాం అనే దారి ఇక్కడ లేదు. స్థిర ఖర్చు తగ్గించుకోవాలి, లేదా ఫీజు నిజాయితీగా ముందే పెంచాలి. ప్రాయోజకులు ఉంటే వాళ్ల పేరు బ్యానరు మీద ఉండవచ్చు, పాఠ్యాంశంలో వాళ్ల మాట ఉండకూడదు. ఆ హద్దు ఒప్పందంలో రాయండి.

ఇప్పుడు ప్రశ్నలు.

[సభలోంచి ప్రశ్న: ఆ ఊరి న్యాయవాదులను ఎలా కలుపుకోవాలి? వాళ్ల దగ్గర కూడా అదే ఫీజు తీసుకోవాలా?]

మంచి ప్రశ్న. ముందుగా, వాళ్లను అతిథులుగా కాదు, ఆతిథేయులుగా పిలవండి. ఏర్పాట్ల సంఘంలో కనీసం ఇద్దరు ఆ ఊరి బార్ (న్యాయవాదుల సంఘం) నుంచి మొదటి రోజు నుంచీ ఉండాలి. ఏ వీధి వర్షంలో మునుగుతుందో, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో, సంత ఎప్పుడో మీకు చెప్పేది వాళ్లే. సదస్సు కోర్టు పనిదినాన పెడితే ఊళ్లోని న్యాయవాదులందరూ హాల్లో ఉంటారు, ఆ రోజు అరెస్టయిన మనిషికి లాయరు దొరకడు. కాబట్టి వంతుల వారీగా ఇద్దరో ముగ్గురో కోర్టులో అందుబాటులో ఉండేలా వాళ్ల బార్‌తో ముందే పట్టిక వేయించండి, వాళ్లకు ఆ సెషన్ల సామగ్రి తర్వాత అందించండి.

ఫీజు విషయానికి వస్తే, వాళ్లకు గది అక్కర్లేదు, రవాణా అక్కర్లేదు, కాబట్టి ఆ మేరకు తగ్గించడమే సరైనది. ఇంకొకటి కూడా చూడండి. ఇందాక చెప్పిన నాలుగు అంకెల్లో గదులు 60, కుర్చీలు 80 అనుకోండి. గదులే ఇరుకు కాబట్టి బయటి నుంచి 60 మందినే పిలవగలరు. మిగిలిన 20 కుర్చీలకు గదులతో పని లేదు. అవి ఆ ఊరి వాళ్లవి. రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే ఆ 20 కుర్చీలూ వాళ్ల పేరు మీద పక్కన పెట్టండి, చివరి వారంలో మిగిలితే ఇద్దామని ఆగకండి.